మా గల్లీ స్పీడు

మొఘల్‌పురాలో మా గల్లీకి మొట్టమొదట ఫోను వచ్చింది మా ఇంటికే. నాన్న దానికోసం దరఖాస్తు పెట్టినప్పుడు నేను పలక పట్టుకుని బడికి వెళ్తున్నాను. అది వచ్చి ముందు గదిలో కూర్చునేసరికి హైస్కూల్లో ఉన్నాను. అమ్మ దానికి లేసు గుడ్డ కుట్టి కప్పింది. నాన్న దాని పక్కన ఒక పేము కుర్చీ వేశారు. ఆ కుర్చీలో మా ఇంట్లోవాళ్ళం కూర్చున్నది తక్కువే.

కారణం పీపీ. ఈ కాలం పిల్లలకి ఈ రెండక్షరాలు చెబితే తెల్లమొహం వేస్తారు. అప్పట్లో ఇంట్లో ఫోను లేనివాళ్ళు పక్కింటి నంబరు ఇచ్చి, దాని పక్కన పీపీ అని రాసేవారు. ఈ నంబరుకి చేస్తే మమ్మల్ని పిలుస్తారు అని దాని అర్థం. మా నంబరు మా గల్లీవాళ్ళ దుకాణం బోర్డుల మీదా, పెళ్ళి పత్రికల మీదా అచ్చయింది. ఫోను మోగితే అమ్మ ఎత్తి, ఎవరు కావాలో, ఏ ఊరి నుంచో కనుక్కుని, కిటికీ దగ్గరికి వెళ్ళి గల్లీలోకి ఒక్క కేక వేసేది. "దర్జీ భాయ్, నిజామాబాద్!" "టీచరమ్మా, వరంగల్!" ఊరి పేరు చెవిన పడితే చాలు, మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేవాడు.

మాది కృష్ణా జిల్లా. నాన్న ప్రభుత్వ ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, ఆఫీసుకి దగ్గరని మొఘల్‌పురాలో ఇల్లు అద్దెకు తీసుకుని, బాగుందని అక్కడే ఉండిపోయారు. ఎన్నేళ్ళున్నా ఆయనకి ఉర్దూ పట్టుబడలేదు. ఒకరి గుమ్మం ఎక్కి ఒక మాట అడగడం కూడా ఆయన అలవాటు కాదు. "మన పని మనం చేసుకోవాలి, ఒకళ్ళని దేబిరించకూడదు" అనేవారు. అయినా పీపీ పుణ్యమా అని గల్లీ మొత్తం ఆయనకి సలాం కొట్టేది.

ఆ పేము కుర్చీకి శుక్రవారం సాయంత్రాల హక్కుదారు దాదీమా. గల్లీ మధ్యలో, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఆమె ఇల్లు. పుట్టిల్లు బార్కస్. అక్కడ ఆమె అక్క ఉండేది. ఇద్దరూ ముసలివాళ్ళే, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే, ఉన్నది ఒకే ఊళ్ళో అయినా కలుసుకునేది ఏ పండక్కో. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం, వెలుగు ఉండగానే, బార్కస్‌లో ఒక కిరాణా దుకాణం నుంచి అక్క ఫోను చేసేది. "దాదీమా, బార్కస్!" అని అమ్మ కేక వెయ్యకముందే దాదీమా ఉతికిన దుపట్టా వేసుకుని, కళ్ళకి సుర్మా పెట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉండేది. ఫోనుకి సుర్మా ఎందుకు దాదీమా అని అడిగితే, "అక్కతోని మాట్లాడుతున్న గదా బిడ్డా, గట్లనే పోతనా?" అనేది. తెలుగు ఆమె కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగులో కొంచెం బేరం వినిపించేది.

నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో, రెండువేలు దాటిన కొత్తలో, మా ఇంట్లోకి కంప్యూటరూ, దాని వెనకే ఇంటర్నెట్టూ వచ్చాయి. వచ్చింది ఫోను తీగలోంచే. బటను నొక్కగానే మోడెం డయల్ చేసి, ఎండు శనగలు మిక్సీలో వేసినట్టు ఒక గోల చేసేది. ఆ గోల ఆగితే కలిసినట్టు. చాలాసార్లు కలిసేది కాదు. కలిసిన తర్వాత ఒక బొమ్మ తెరిస్తే, అది పైనుంచి కిందికి మెల్లగా దిగేది. ముందు జుట్టు, తర్వాత నుదురు. ముక్కు దాకా వచ్చేసరికి అమ్మ పప్పు ఉడికించి పోపు కూడా పెట్టేసేది. ఈలోగా అమ్మ మర్చిపోయి పడగ్గదిలో ఉన్న రెండో ఫోను ఎత్తిందా, అంతా హరీ. మళ్ళీ శనగలు, మళ్ళీ మిక్సీ.

అంతకంటే పెద్ద చిక్కు, నేను నెట్‌లో ఉన్నంతసేపూ ఫోను ఎంగేజ్. గల్లీ అంతా గగ్గోలు. దర్జీ భాయ్ మా వాకిట్లో నిలబడి, "ఏంది చెల్లె, పొద్దుగాల్ల నుంచి ఎంగేజ్ ఏంది? మా బావ నిజామాబాద్‌ల పరేషాన్ అయితుండు" అనేవాడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది. ఇది మా ఫోనా, మీ ఫోనా అని నోటి చివరి దాకా వచ్చేది. అనకముందే అమ్మ అతనికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చేసేది.

సరిగ్గా అప్పుడు దొరికింది నాకు ఉద్యోగం, దొరకబోయింది అనాలి. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ మాటలు విని ఇక్కడ మనం టైపు చేసి పంపాలి. బేగంపేటలో ఒక ఆఫీసు ఆ పని చేయించేది. ఇంటి నుంచి చేసేవాళ్ళు కూడా కావాలన్నారు. పరీక్ష రాశాను, నెగ్గాను. అప్పుడు అక్కడి మేడమ్ ఫోను చేసి అసలు సంగతి చెప్పింది.

"మీ టైపింగ్ బాగుంది. ఇక మీ లైన్ ఎట్లా ఉందో చూడాలి. వచ్చే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మీకోసం ఒక పెద్ద ఫైలు పెడతాం. సాయంత్రం ఆరింటికి తీసేస్తాం. ఆలోపు మీ ఇంటి కంప్యూటర్లోకి దిగిందంటే ఇంటి నుంచే పని. దిగలేదంటే ఆఫీసుకు రావాలి, నైట్ షిఫ్టు."

నైట్ షిఫ్టుకి వ్యాను పంపుతారట, కానీ నయాపూల్ వంతెన దాటి ఇవతలికి రాదట. డ్రైవరుకి మా వైపు సందులు తెలియవట. నాన్న ఇది విని, "అయితే ఇంటి నుంచైతే చెయ్యి, లేకపోతే వద్దు" అని తేల్చేశారు. నాకు ఏడుపొచ్చింది, ఆ వ్యాను మీద, ఆ నయాపూల్ మీద కోపం వచ్చింది. ఆ ఉద్యోగం నాకు కావాలి. నా చేత్తో నేను చేసే పని, నా పేరు మీద వచ్చే జీతం కావాలి. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడగడం, అమ్మ "ఇంట్లోనే ఉంది" అనడం వినీ వినీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి.

మా మోడెం మీద నాకు నమ్మకం లేదు. జుట్టూ నుదురూ దిగడానికే పప్పు ఉడికిపోయే తీగలో అంత ఫైలు ఎప్పటికి దిగాలి? అందుకని కేబుల్ అన్న మాట నాన్న చెవిన వేశాను.

కేబుల్ అన్న అంటే మా వీధులకు టీవీ కేబుల్ ఇచ్చే మనిషి. కొత్తగా ఇంటర్నెట్ కూడా అదే స్తంభాల మీద, అదే డాబాల మీద లాగుతున్నాడు. పిలవగానే వచ్చి, నిచ్చెన గోడకి ఆనించి, సరుకు పొగడ్డం మొదలుపెట్టాడు.

"సార్, మీ ఫోను లైను ఎడ్లబండి. నాది ఎక్స్‌ప్రెస్సు. బటన్ ఒత్తుడే ఆలస్యం, పాట పాట మొత్తం దిగుతది. ఫోను ఎంగేజ్ కాదు, లొల్లి లేదు."

"స్పీడెంత?" అన్నారు నాన్న.

"మస్తు."

"మస్తు అంటే ఎంతయ్యా?"

"మస్తంటే మస్తే సార్."

"లైను నాకొక్కడికేనా, ఇంకెవరికైనా కూడానా?"

కేబుల్ అన్న తల గోక్కున్నాడు. "నల్లా తెల్సు గదా సార్. పైపు ఒకటే. అందరు ఒక్కపారి ఇప్పితే బొట్టు బొట్టు వస్తది. అందరు బంద్ జేసి మీరొక్కరే ఇప్పితే డ్రమ్ము నిండుతది. గంతే."

"మరి మోటారు పెట్టి లాగేవాళ్ళో?"

"గట్లాంటోళ్ళు మన గల్లీల లేరు సార్."

ఉన్నారని అందరికీ తెలుసు. నాన్న నవ్వి, "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట. మనది మనకుండగా ఇంకొకళ్ళతో వంతులెందుకు?" అన్నారు. తన సొంత ఫోను లైను నిజామాబాద్‌కి, వరంగల్‌కి, బార్కస్‌కి ఎన్ని వంతులుగా పంచిపెట్టారో ఆయన లెక్కలో లేదు. ఆ మాటే అన్నాను. ఆయన వినపడనట్టు పేపరు తిప్పారు.

చివరికి పందెం వేసుకున్నారు. ఎదురింటి దర్జీ భాయ్ అప్పటికే కేబుల్ కనెక్షన్ తీసుకున్నాడు. అక్కడ అతనూ, ఇక్కడ నాన్నా ఒకేసారి ఒకే పేపరు వాళ్ళ పేజీ తెరవాలి. ముందు బొమ్మ మొత్తం ఎవరింట్లో వస్తే వాళ్ళు కిటికీలోంచి తువ్వాలు ఊపాలి. రెండు కిటికీలూ కనపడేది దాదీమా అరుగు మీంచి, కాబట్టి తీర్పు ఆమెది. ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. గల్లీలో కంప్యూటరున్న కుర్రాళ్ళందరూ ఇళ్ళల్లోనే ఉండి, తలా ఒక సినిమా పాట దించుకుంటున్న వేళ అది. దర్జీ భాయ్ తెర మీద పేపరు పేరు దగ్గరే ఆగిపోయింది. మా బొమ్మ మాత్రం జుట్టు, నుదురు, ముక్కు, గడ్డం అంటూ తన నడక తను నడిచి వచ్చేసింది. నాన్న తువ్వాలు ఊపారు. "సార్ జీత్ గయే!" అని దాదీమా అరిచింది. ఆ రోజంతా నాన్న రెండంగుళాలు పొడుగయ్యారు.

"ఆదివారం లెక్కకు రాదు సార్. సోమవారం పొద్దుగాల చూద్దాం" అన్నాడు కేబుల్ అన్న. సోమవారం నాన్న ఆఫీసులో ఉన్నారు. ఆయన తరఫున అమ్మ కూర్చుంది. కుర్రాళ్ళంతా కాలేజీల్లో, పనుల్లో ఉన్నారు. మా మోడెంలో శనగలు పూర్తిగా నలగకముందే ఎదురింట్లో తువ్వాలు ఊగింది. సాయంత్రం నాన్న చెప్పులు విప్పుతుంటే, "ఓడిపోయామండీ, అట్టా ఇట్టా కాదు" అని అమ్మ ఉన్నమాట చెప్పింది.

అప్పటికి నాకు ఒకటి అర్థమైంది. ఫోను లైను ఎప్పుడు చూసినా ఒకేలా నడిచే ముసలి గుర్రం. కేబుల్‌కి దాని స్పీడంటూ ఏమీ లేదు. గల్లీ ఎటు పోతే అది అటు. శుక్రవారం జుమ్మా నమాజుకి అందరూ మసీదుకి వెళ్తే పరుగు. బళ్ళు వదిలిపెట్టే వేళకి నత్తనడక. నాన్న రెండు రోజులు ఆలోచించి, "సరే, పెట్టించు, పరీక్ష గండం గట్టెక్కాలిగా" అన్నారు.

కేబుల్ అన్న తీగ లాగాడు. గల్లీ అంతటికీ తీగలు పంచే డబ్బా ఒకటుండేది. ఎర్రగా, పచ్చగా చిన్న దీపాలు మిణుకుమిణుకుమనే డబ్బా. దాన్ని ఎక్కడో ఒక ఇంట్లో పెట్టి, ఆ ఇంటి కరెంటు ఇవ్వాలి. గల్లీ మధ్యలో ఉంది కదా అని దాదీమా ఇంట్లో, మెట్ల కింద గోడకి బిగించాడు. అందుకు బదులుగా ఆమె టీవీకి కేబుల్ ఊరికే ఇచ్చాడు. ఆ డబ్బా ఏం చేస్తుందో ఆమెకి ఎవ్వరూ చెప్పలేదు. ఆమే రోజూ దాని మీద దుమ్ము దులిపేది. అమ్మ మా ఫోనుకి కప్పినట్టే, దాదీమా దానికీ ఒక లేసు గుడ్డ కప్పింది.

పరీక్ష శుక్రవారం రంజాన్ నెలలో పడింది. నాన్న ఆఫీసులో పర్మిషన్ తీసుకుని మధ్యాహ్నమే వచ్చేశారు. జుమ్మా వేళకి ఫైలు పెడతారేమోనని నేను ఎంత ఆశపడ్డానో. పెట్టలేదు. అసలు పెట్టిందే మూడు దాటాక. రోజా ఉపవాసంలో ఉన్న కుర్రాళ్ళు ఇఫ్తార్ దాకా పొద్దుపోవడానికి కంప్యూటర్ల ముందు చేరే వేళ అది. ఒకరు ఆటలు, ఒకరు పాటలు. నా తెర మీద నీలం గీత చీమకన్నా మెల్లగా కదులుతోంది. ఆరు గంటలకి కాదు కదా, తొమ్మిదికైనా దిగదని కంప్యూటరే చెబుతోంది.

"ఫోను లైను మీద పెడదామా?" అన్నారు నాన్న. పెట్టి చూశాను. రేపు ఉదయం అంది. పైగా ఆ రోజు శుక్రవారం. కాసేపట్లో బార్కస్ ఫోను వస్తుంది. అది ఎంగేజ్ చెయ్యడానికి మా ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. మళ్ళీ కేబుల్‌కి మార్చి, గీత వంకే చూస్తూ, కేబుల్ అన్ననీ, వాడి నల్లానీ, మోటార్లు పెట్టి లాగేవాళ్ళనీ పేరుపేరునా తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

నాన్న పేము కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్ళి, ఆఫీసుకి వేసుకెళ్ళే చొక్కా తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని బయటికి నడిచారు. ఎక్కడికండీ అంది అమ్మ. కిటికీలోంచి చూస్తే దర్జీ భాయ్ గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

"బేటీ కా... ఎగ్జామ్. కంప్యూటర్ మే. థోడా... సబ్ లోగ్ బంద్ కరేగా తో..." అంటున్నారు. ఆ మాటలు కూడబలుక్కోవడానికి ఆయన ఎంత కష్టపడుతున్నారో ఇక్కడికి తెలుస్తోంది. పదిహేనేళ్ళుగా ఆ గల్లీలో ఎవరినీ ఏమీ అడగని మనిషి.

దర్జీ భాయ్ ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "అరె సార్, గింత మాటకు మీరు రావాల్నా? మా చెల్లె రిష్తా మీ ఫోన్ల మాట్లాడితేనే కుదిరింది. ఇగో, బంద్ చేసిన!" అని లోపలికి పరిగెత్తి, తనే ఇంకో రెండిళ్ళకి కేక వేశాడు. టీచరమ్మ సగం దిగిన క్రిస్మస్ పాటలు ఆపేసి, ఆపేశానని వాకిట్లోకి వచ్చి మరీ చెప్పింది. చివరింట్లో కుర్రాడొకడు, "అంకుల్, ఐదు నిమిషాలు, గెలుస్తున్న" అన్నాడు. వాళ్ళమ్మ లోపల్నుంచి, "రోజాల ఉండి తుపాకులు పేలుస్తవురా?" అంటూ ప్లగ్గే పీకేసింది.

ఒక్కో ఇల్లూ బంద్ అవుతుంటే నా గీతకి ప్రాణం వచ్చింది. చీమ కాస్తా పరుగు అందుకుంది. ఐదు కాకముందే సగం దాటింది. ముప్పావు దాటింది. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి దీపం వెలిగించింది. నాన్న చొక్కా చెమటతో తడిసిపోయి తిరిగొచ్చి, నా వెనక నిలబడి, "ఇంకెంత?" అన్నారు. ఇంక కొంచెమే అన్నాను.

గీత ఆగిపోయింది. మెల్లగా కావడం కాదు, ఆగిపోవడమే. లైను లేదు అని తెర మీద పడింది. ఆ రోజుల్లో ఫైలు మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచీ దించాలి.

కరెంటు పోయిందా? ఫ్యాను తిరుగుతోంది. తీగ తెగిందా? నేను చెప్పుల్లేకుండా గల్లీలోకి ఉరికాను. దర్జీ భాయ్ డాబా ఎక్కి చూసి, తీగ బాగానే ఉందన్నాడు. ఇంక మిగిలింది డబ్బా. దాదీమా ఇంట్లోకి ఒక్క ఉదుటున వెళ్ళాను.

దాదీమా మెట్ల పక్కన పీట మీద ప్రశాంతంగా కూర్చుని ఉంది. ఉతికిన దుపట్టా, కళ్ళకి సుర్మా. ఆమె వెనక డబ్బాలో ఎర్రదీపం లేదు, పచ్చదీపం లేదు. నన్ను చూసి కొంచెం మూతి ముడుచుకుంది.

"మీ నాయన అందరి ఇండ్లకు పోయిండు. నా ఇంటికి రాలె. అర్రె, నన్నెందుకు అడగడు? నాకు కంప్యూటర్ లేదనే గదా! అయినా నేనే బంద్ చేసిన బిడ్డా. నా ఇంట్ల ఉన్నది గిదొక్కటే. గిదే బంద్ చేసిన. ఇప్పుడు నీకు జల్దీ వస్తున్నది గదా?"

నా నోటి నిండా తిట్లు సిద్ధంగా ఉన్నాయి. ఆ ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఏదో చప్పుడు మాత్రం వచ్చింది. వంగి ప్లగ్గు పెట్టాను. దీపాలు వెలిగాయి. ఈ డబ్బా కంప్యూటర్ కాదనీ, గల్లీ మొత్తానికీ ఇందులోంచే వెళ్తుందనీ, ఇది ఆగితే అందరిదీ ఆగినట్టేననీ చెప్పాను.

దాదీమా రెండు చేతులతో నోరు మూసుకుంది. "యా అల్లా! నా ఇంట్లకెల్లి గల్లీ మొత్తం నడుస్తున్నదా? ఇన్ని దినాలు ఒక్కడన్న చెప్పిండా? కేబులోడు రానీ, వాని సంగతి చెప్త!" తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "టైం ఉన్నదా ఇంక?"

"ఉంది దాదీమా. ఎవ్వరూ ముట్టుకోకుండా ఉంటే చాలు."

"నువ్వు ఉరుకు. ఎవడు ముట్టుకుంటడో నేను చూస్త."

ఇంటికి పరిగెత్తి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. గీత కదిలింది. నాన్నకి సంగతి చెబితే, "ఆమెనీ అడగాల్సింది. నాదే పొరపాటు" అని నొచ్చుకున్నారు. గోడ గడియారం వంక చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

అప్పుడు ఫోను మోగింది. అమ్మ ఎత్తి, అలవాటుగా కిటికీ దగ్గరికెళ్ళి కేక వేసింది. "దాదీమా! బార్కస్!"

ఎవరూ రాలేదు. అన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. అమ్మ కంగారుపడి మళ్ళీ పిలిచింది. దాదీమా గొంతు ఆమె ఇంట్లోంచే, మెట్ల కిందనుంచే, గల్లీ అంతా వినపడేలా వచ్చింది.

"నాకు పని ఉన్నదని చెప్పు! డబ్బా కాడ కూసున్న, కదల్లేను! అక్కకు తర్వాత చేస్తనని చెప్పు!"

నాన్న ఫోను అందుకున్నారు. బార్కస్ అక్కతో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. "ఆప్ కా బెహన్... డ్యూటీ మే హై" అన్నారు, ఎంతో మర్యాదగా. అవతల ముసలామె ఏమందో ఏమో, నాన్న నవ్వాపుకుంటూ, "జీ, జీ, బహుత్ బడా డ్యూటీ" అన్నారు.

ఇంకాసేపటికి ఇఫ్తార్ సైరన్ మోగింది. అంతటితో ఊరు ఊరంతా చెయ్యి ఆపి ఖర్జూరం అందుకుంది. మా గల్లీవాళ్ళేనా, పక్క గల్లీలవాళ్ళూ, ఆ పక్కవాళ్ళూ, కేబుల్ అన్న తీగ ఎంత దూరం పోయిందో అంత దూరమూ అందరూ లేచి, తిండి పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గరికి వెళ్ళిపోయారు. మిర్చీల వాసన కిటికీలోంచి వస్తోంది. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను అలాంటి స్పీడు అంతకుముందు చూడలేదు. గీత చివరంటా వెళ్ళి, ఫైలు వచ్చి తెర మీద కూర్చుంది. ఆరుకి ఇంకా వ్యవధి ఉంది. నాన్న నా తల మీద చెయ్యి వేసి, చొక్కా పై గుండీ విప్పుకున్నారు.

అమ్మ గిన్నెలో పెట్టిచ్చిన పెసరట్లు పట్టుకుని దాదీమా ఇంటికి వెళ్ళాను. అందరూ లోపల గదిలో తింటున్నారు. దాదీమా మాత్రం అదే పీట మీద, డబ్బాకి వీపు ఆనించి కూర్చుంది. పక్కన మంచినీళ్ళ గ్లాసు, ఒక ఖర్జూరం గింజ. ప్లగ్గు మీద అరచెయ్యి మూసి పెట్టుకుంది. రోజా అక్కడే విడిచింది.

"ఆయా క్యా?" అంది.

"ఆగయా దాదీమా."

"పక్కా? ఇంక లేవచ్చునా?"

నేను చెయ్యి అందించాను. మోకాళ్ళు పట్టుకుని, అల్లా పేరు తలచుకుంటూ లేచింది. పెసరట్టు ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది. నమాజు చదువుకుని, తిన్నగా మా ఇంటికి వచ్చి, పేము కుర్చీలో కూర్చుని, బార్కస్ కలపమంది. అన్నేళ్ళలో మా ఫోనుకి ఆమె పిలిపించుకుని రావడమే తప్ప, తనంతట తనే చేస్తానని రావడం అదే మొదలు. నేను నంబరు నొక్కి, కిరాణావాళ్ళు అక్కని పిలిచేదాకా ఆగి, రిసీవరు ఆమె చేతికిచ్చాను.

అటువైపు నుంచి గుక్క తిప్పుకోకుండా మాటలు వినిపించాయి. హరీస్ గురించే అయి ఉంటుంది. రంజాన్ నెలంతా వాళ్ళిద్దరికీ ఆ గోధుమా మాంసం వంటకం గురించే వాదం, ఎవరింట్లో బాగా మెత్తగా ఉడికిందని. దాదీమా కాసేపు విని, చెయ్యి ఎత్తి, అక్క ఎదురుగా ఉన్నట్టే ఆపమంది.

"హరీస్ రఖ్ దో, పహ్‌లే మేరీ బాత్ సునో" అంది. తర్వాత వీపు నిటారుగా పెట్టి, నా వంకా, నాన్న వంకా ఒకసారి చూసి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "హమారీ నౌక్రీ లగ్ గయీ."

మా ఉద్యోగం ఖాయమైంది, అని. ఆఫీసువాళ్ళు నాకు ఆ మాట చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. బార్కస్‌కి మాత్రం ఆ సాయంత్రమే తెలిసిపోయింది.